లాంతరుకు నాలుగో వైపు

పోయిన వారం జ్ఞానప్రసూనను చెరువు ఒడ్డున నిలబెట్టి మనం వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది.

ఆగస్టు నెల సాయంత్రం. అమెరికాలో, రెడ్‌మండ్‌కు అరగంట దూరంలోని ఊళ్ళో, పార్కు నడుమనున్న చెరువు మీద జపాన్ వాళ్ళ వేసవి లాంతర్ల పండగ జరుగుతోంది. ఆమె స్వయంగా వెలిగించి వదిలిన కాగితపు లాంతరు అప్పటికే చేతికందనంత దూరం వెళ్ళిపోయింది. దాని మీద భర్త చక్రపాణి పేరు, తన పేరు, అరోరాలో ఉంటున్న కూతురు నమ్రత పేరు గోత్రనక్షత్రాలతో సహా రాసింది. కళ్ళు మూసుకుని దణ్ణం కూడా పెట్టుకుంది. కళ్ళు తెరిచేసరికి పక్కనున్న తెల్లజుట్టు వాలంటీరమ్మ ఎంతో మెత్తగా, "మీ వాళ్ళలో పోయినవారెవరు?" అని అడిగింది. ఈ పండగలో లాంతరు మీద రాసేవి చనిపోయినవాళ్ళ పేర్లట. వేసవిలో ఒకసారి ఇంటికొచ్చి చూసుకుపోయే పెద్దలకు దారి చూపించి సాగనంపే దీపాలట అవి.

అది వినగానే ఆమె తన లాంతరు ఎక్కడుందోనని నీళ్ళ మీద వెతుక్కుంది.

నిజం చెప్పాలంటే తప్పు ఆమెది కాదు, అలవాటుది. గుడారం కింద కుంచె పట్టుకుని కూర్చున్న అమ్మాయి, "ఎవరి పేరు రాయాలి?" అని అడిగింది. నలభై ఏళ్ళుగా గుడి కౌంటరు దగ్గర అర్చన టికెట్టుకు ముందు వినే ప్రశ్నే అది. మనవాళ్ళకు ఆ ప్రశ్న చెవిన పడితే చాలు, గోత్రం దానంతటదే నోట్లోంచి ఊడిపడుతుంది. "కాశ్యపస గోత్రం" అని మొదలుపెట్టిన పెద్దావిడను చూసి ఆ అమ్మాయి తెల్లమొహం వేసింది. "మీ భాషలో మీరే రాసుకోండి" అని కుంచె చేతికిచ్చింది. జ్ఞానప్రసూన సంబరంగా గుండ్రని తెలుగు అక్షరాల్లో రాసింది. ఆ అమ్మాయి ముచ్చటపడి ఆమె పేరుకు అర్థమడిగితే, అది తన నాయనమ్మ ప్రసూనాంబ పేరనీ, మా ఇళ్ళల్లో పెద్దల పేర్లు పసివాళ్ళకు వస్తాయనీ చెప్పుకొచ్చింది. నాయనమ్మ పేరనగానే ఆ పిల్ల అన్నీ పోయినవాళ్ళ పేర్లే అనుకుని ఉంటుంది. అలా ఒకరికొకరు తల ఊపుకుని, ఇద్దరూ ఎంతో చక్కగా పొరబడ్డారు.

లాంతరుకు నాలుగు వైపులుంటాయి. మూడు నిండాయి. నాలుగో వైపు రావలసిన పేరు ఆమె కుంచె చివరి దాకా వచ్చి ఆగిపోయింది. భర్త పక్కనే ఉన్నాడు మరి. "అది ఖాళీగానే ఉండనీ, వెలుతురు బాగా వస్తుంది" అన్నాడాయన. సరేనని ఆమె శాలువా కోసం కారు దాకా వెళ్ళొచ్చి, భర్త పేరున్న వైపు తనకెదురుగా పెట్టుకుని దీపం వెలిగించింది. ఆ ఖాళీ సంగతి ముందుముందు చెప్పుకుందాం.

ముప్ఫై ఏళ్ళు పిల్లల డాక్టరుగా చేసి రిటైరైన మనిషి ఆమె. పిల్లలకు దిష్టి తగిలిందని చెప్పే తల్లుల్ని నవ్వుతూ కసురుకున్న మనిషి. కట్టుకున్నవాడి పేరు పోయినవాళ్ళ వరసలో తేలుతోందని తెలిసేసరికి ఆ చదువంతా ఎటు పోయిందో మరి. నీళ్ళ అంచున ముక్కాలి స్టాండు మీదికి వంగి ఉన్న భర్త దగ్గరికి గబగబా వెళ్ళింది.

"ఏమండీ, మన లాంతరు వెనక్కి తెప్పించాలి."

"ఉండు జ్ఞానా, ఇప్పుడే ఫోకస్ దొరికింది." చక్రపాణి వంతెనల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కెమెరా ఆయన ఉద్యోగం. ఇక్కడికి వద్దామన్నదీ ఆయనే.

"అవి పోయినవాళ్ళ కోసమటండీ. బతికున్నవాళ్ళ పేర్లు రాయకూడదట."

ఆయన తలెత్తి, విషయం బోధపడ్డాక పకపకా నవ్వాడు. "అయితే మనం అఫీషియల్‌గా చెక్ అవుట్ చేసేశామన్నమాట. నీ పేరూ ఉందిగా, ఇద్దరం కార్‌పూల్ చేద్దాం."

"మీకు వేళాకోళంగానే ఉంటుంది. పిల్ల పేరు కూడా రాశాను నేను."

చక్రపాణి నవ్వు సగంలో తెగిపోయింది. నీళ్ళ వైపు చూశాడు. వందల లాంతర్లు కదులుతున్నాయి, ఏది ఎవరిదో తెలియడం లేదు. ఆయన మొహంలో రంగు మారడం ఆమె స్పష్టంగా చూసింది.

"పిల్లల పేర్లు," అన్నాడు నెమ్మదిగా. వెంటనే స్టాండు మడతపెట్టి చంకన పెట్టుకున్నాడు. "పద. ఎవర్ని అడగాలి?"

జ్ఞానప్రసూనకు భయంలో కూడా ఆశ్చర్యం వేసింది. రాహుకాలంలోనే ఇల్లు రిజిస్టర్ చేయిస్తానని పంతం పట్టిన మనిషి ఈయన. కూతురి మీద ఇంత బెంగ ఉందా అనుకుంది. అనుకోవడమే తప్ప అడగలేదు.

తెల్లజుట్టు వాలంటీరమ్మ వాళ్ళ కంగారు చూసి నవ్వలేదు, విసుక్కోనూ లేదు. లాంతర్లను చెరువులో అలా వదిలేయరనీ, గాలికి అవి అవతలి ఒడ్డు చేరితే అక్కడ ఏరి ఒడ్డుకు తీస్తారనీ చెప్పింది. "నడిచి వెళ్ళండి. మీ అక్షరాలు ఇంకెవరూ రాయలేదుగా, ఇట్టే దొరుకుతుంది" అంది.

ఇద్దరూ చెరువు చుట్టూ ఉన్న దారి పట్టారు. ఆకాశంలో ఇంకా వెలుగుంది. డప్పుల చప్పుడు వెనక్కి తగ్గుతూ వచ్చింది. పార్కు వాకిట్లో అలంకరణకు పెట్టిన మేపుల్ కుండీలను దాటుతున్నప్పుడు ఆమె కళ్ళు, వచ్చేటప్పటిలాగే, వాటి మీది నర్సరీ బోర్డు మీద పడ్డాయి. అప్పుడూ భర్త వైపు చూసింది. అప్పుడాయన కెమెరా సంచి జిప్పుతో కుస్తీ పడుతున్నాడు. ఇప్పుడూ అదే జిప్పు.

ఆ నర్సరీ వాళ్ళ కోడలి పుట్టింటివారిది. ఇక ఖాళీ సంగతి చెప్పుకోవాలి. వాళ్ళకు కౌశిక్ అని ఒక కొడుకున్నాడు. జపనీస్ అమెరికన్ పిల్ల నవోమిని చేసుకుంటానంటే చక్రపాణి గుళ్ళో నిలబడి సంతోషంగా పెళ్ళి చేశాడు. గొడవ అక్కడ రాలేదు. పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వదిలేసి, నవోమి వాళ్ళ నర్సరీలో మొక్కలు పెంచుతానని కౌశిక్ చెప్పిన రోజున వచ్చింది. కుండీలు మోయడానికా నిన్ను చదివించిందని తండ్రి అడిగాడు. నన్ను కొడుకులాగా కాదు, నీ వంతెనల్లో ఒకదానిలాగా కట్టాలనుకున్నావని కొడుకన్నాడు. మాటకు మాట పెరిగి చివరికి చక్రపాణి, "నేను పోయినా నీకు కబురు రాదు. రానక్కర్లేదు" అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నాలుగేళ్ళుగా ఆయన తీసుకోలేదు, తీసుకోవాలని ఉందని ఎవరికీ చెప్పలేదు.

అప్పట్నుంచి గుళ్ళో పూజారి పేర్లడిగితే చక్రపాణే ముందుకొచ్చి చెబుతాడు. మూడు పేర్లతో ఆపుతాడు. నాలుగోది జ్ఞానప్రసూన గంట చప్పుడులో, లోపల్లోపల అనుకుంటుంది. కొడుక్కి ఫోన్ చేస్తుండేది. "బానే ఉన్నానమ్మా" అని రెండు ముక్కలు మాట్లాడేవాడు. ఏడాదిగా అదీ లేదు. ఎన్నిసార్లు చేసినా ఎత్తడు. తన తప్పేమిటో తెలియక ఆమె ఎన్నో సాయంత్రాలు వంటింట్లో ఒంటరిగా ఏడ్చింది.

అవతలి ఒడ్డు దగ్గరపడేసరికి అక్కడ మనుషులు గుంపుగా చేరి ఉన్నారు. ఒక మనిషి బట్టలతో, బూట్లతో నడుము లోతు నీళ్ళలోకి దిగి నిలబడి ఉన్నాడు. ఒక లాంతరును రెండు చేతులా గుండెకు ఆనించుకుని ఉన్నాడు. ఒడ్డు మీంచి ఒకామె అతన్ని బయటికి రమ్మని ఇంగ్లీషులో బతిమాలుతోంది. ఆమె చేతుల్లోనూ ఒక లాంతరుంది, ఇంకా వెలిగించలేదు. అతని కోసం చెయ్యి చాచుతోందే గాని, ఆ లాంతరును మాత్రం కింద పెట్టడం లేదు.

జ్ఞానప్రసూనకు ముందు గొంతు తెలిసింది. నవోమి. ఆ తర్వాత నీళ్ళలో ఉన్న వీపు తెలిసింది. చిన్నప్పుడు ఏడుపు దాచుకోవాలంటే ఎడమ భుజం చెవి దాకా ఎత్తేవాడు. ఇప్పుడూ ఎత్తే ఉంది.

"కౌశీ," అంది.

అతను వెనక్కి తిరిగాడు. తల్లిని చూశాడు. ఆమె ఒక్కతే కనబడింది, ఎందుకంటే కెమెరా బరువుతో చక్రపాణి వెనకబడ్డాడు. కౌశిక్ తడబడుతూ ఒడ్డుకొచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.

"ఎప్పుడమ్మా?"

"ఎప్పుడేమిటి కన్నా?"

"నువ్వు కాల్స్ చేసావ్. అంత సార్లు చేసావ్. నేను ఎత్తలే. అందుకేనా చేసావ్?" అతను లాంతరును ఇటు తిప్పాడు. దీపం వెలుగులో తన చేతి రాతే ఆమెకు కనబడింది. కాశ్యపస గోత్రం, ఉత్తరాషాఢ, చక్రపాణి. "నీ రైటింగ్ నాకు తెలుసు. నువ్వే నేర్పించావ్ కదా కిచెన్‌లో. నాన్న ఎప్పుడు పోయాడు? కబురు రాదు అన్నాడు. నిజంగానే పంపలేదా నువ్వు?"

ఆమెకు అప్పుడు అర్థమైంది. నాలుగేళ్ళ కిందటి మాట ఈ పిల్లాడు ఒక్క రోజు కూడా మరిచిపోలేదు. వందల దీపాల్లో తనకు చదవడం వచ్చిన అక్షరాలు తేలుతూ వస్తే, తండ్రి పేరు కూడబలుక్కుని, ఆ మాటే నిజమైపోయిందనుకున్నాడు. జవాబు చెబుదామని నోరు తెరిచింది. ఏడుపు వచ్చింది గాని మాట రాలేదు. దాన్ని చూసి కౌశిక్ ఇంకా రూఢి చేసుకున్నాడు. లాంతరును పట్టుకునే బురదలో చతికిలబడ్డాడు.

"ఐ నెవర్ సెడ్ సారీ," అన్నాడు. "ఒక్కసారి కూడా చెప్పలే."

"ఎవరికి చెప్పలేదు? నాకేనా?"

రొప్పుతున్న గొంతు. గుంపు పక్కకు తప్పుకుంది. చంకలో స్టాండు, మెళ్ళో కెమెరా, ఆగస్టులో కూడా వదలని ఉన్ని టోపీ. చక్రపాణి.

కౌశిక్ తలెత్తి చూశాడు. తర్వాత చెయ్యి చాచి తండ్రి బూటు పట్టుకున్నాడు, చీలమండ పట్టుకున్నాడు, ప్యాంటు పైనుంచి పిక్క నొక్కి చూశాడు. లోపల మనిషి ఉన్నాడని తెలిశాక ఆ కాలిని కావలించుకుని పెద్దగా ఏడ్చాడు. నవోమి కూడా ఏడుస్తోంది. లోకంలో ఇంతకన్నా మంచి చప్పుడు లేదనిపించింది జ్ఞానప్రసూనకు. ఆ ఏడుపులో ఆమె ఛాతీ మీంచి నాలుగేళ్ళ బరువు దిగిపోయింది.

చక్రపాణికి ఏం చెయ్యాలో తెలియలేదు. ఇలాంటప్పుడు మగవాళ్ళు సాధారణంగా చేసేదే చేశాడు, కసిరాడు. "బూట్లతో దిగావుట్రా నీళ్ళలోకి? నీకు ఈత కూడా సరిగ్గా రాదు." అంటూనే స్టాండు కింద పడేసి కొడుకు పక్కన ఆ బురదలోనే కూలబడ్డాడు. మోకాళ్ళ నొప్పులని ఇంట్లో పీట మీద కూడా కూర్చోని మనిషి. తడిసిన కొడుకు తలను రెండు చేతులా దగ్గరికి తీసుకున్నాడు.

"ఆ రోజు నేనన్న మాట తప్పురా. అన్న సాయంత్రమే తెలిసింది తప్పని. చెప్పడానికి నోరు రాలేదు."

"నీ దగ్గర్నుంచి కబురు రాదనుకున్నా, నాన్నా."

"వచ్చిందిగా. నేనే మోసుకొచ్చాను," అన్నాడు చక్రపాణి. "మీ నర్సరీ వాళ్ళు ఏటా ఈ పండక్కి మొక్కలు పెడతారట. దూరం నుంచి ఓ ఫొటో తీసుకుని పోదామనుకున్నాను. నువ్వు కనిపిస్తే."

జ్ఞానప్రసూన భర్త వైపు చూసింది. అయితే ఆ స్టాండూ, ఫోకసూ అన్నీ ఇందుకా. కోపం రావాలి గాని రాలేదు. దొంగ దొరికినందుకు సంతోషపడే పోలీసులుంటే ఆవిడలాగే ఉంటారు.

తెల్లజుట్టు వాలంటీరమ్మ కూడా వాళ్ళ వెనకే వచ్చి అంతా చూస్తూ నిలబడి ఉంది. బతికున్నవాళ్ళ పేర్లు రాసిన లాంతరును ఏం చెయ్యాలని జ్ఞానప్రసూన బెరుకుగా అడిగింది. దానికి తనకు తెలిసి పద్ధతంటూ ఏదీ లేదనీ, ఇంత మంచి కబురు తెచ్చిన దీపాన్ని తానైతే ఇంటికి తీసుకెళ్ళేదాన్ననీ ఆవిడ అంది. జ్ఞానప్రసూన మనసు పూర్తిగా కుదుటపడింది. పోయారన్న వార్త పుడితే గండం గడిచి ఆయుష్షు పెరుగుతుందని వాళ్ళమ్మ అనేది. అప్పుడు నవ్విన డాక్టరమ్మ ఇప్పుడు ఆ మాటను కళ్ళకద్దుకుంది.

దీపం ఆర్పుదామని లాంతరు అందుకుని తిప్పింది. తన పేరు, నమ్రత పేరు. ఇంకోసారి తిప్పింది. నాలుగో వైపు ఖాళీగా లేదు.

వంతెనల నక్షాల మీద రాసే, నిలువుగా కొలిచినట్టుండే అక్షరాలు. చి. కౌశిక్, పునర్వసు. ఆమె శాలువా కోసం కారు దాకా వెళ్ళొచ్చేలోపు రాసి ఉంటాడు. అందుకే పిల్లల పేర్లనేసరికి ఆ మొహం అలా పాలిపోయింది. గుళ్ళో ఆమె గంట చప్పుడులో దాచుకున్న పేరును ఈయన కాగితం మీద దాచాడన్నమాట. ఇద్దరూ ఒకే పేరును ఒకరికి తెలియకుండా ఒకరు మోశారు.

ఆమె లాంతరును కొడుకు ముందు పెట్టింది. కౌశిక్ వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు.

"నేను కూడా పోయానా?"

"చి. అని ఉంది, చూడు," అన్నాడు చక్రపాణి, కళ్ళు తుడుచుకుంటూ. "చిరంజీవి అని. తెలుగు సగమే నేర్పింది మీ అమ్మ. నీళ్ళలో వదిలినా చిరంజీవి చిరంజీవే."

ముందు కౌశిక్ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. గుంపులో ఏమీ అర్థం కానివాళ్ళు కూడా నవ్వారు. జ్ఞానప్రసూన కొడుకు తల శాలువాతో తుడిచింది. చిక్కిపోయావంది, ఈ రాత్రికి ఇద్దరూ ఇంటికే రావాలంది, ఫ్రిజ్‌లో దోసెల పిండి ఉందంది. నాలుగేళ్ళ మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి.

"నవోమీ, నువ్వెందుకమ్మా అంత దూరంలో? ఇలా రా." కోడలి భుజం చుట్టూ చెయ్యి వేసింది. నవోమి దగ్గరికొచ్చింది. ఆమె చేతుల్లో ఇందాకటి లాంతరు అలాగే ఉంది. ఇంత గొడవలోనూ దానికి మట్టి అంటలేదు. మూడు వైపులా తెల్లగా ఉంది. ఒక వైపు మాత్రం తెలుగులో, వంటింట్లో నేర్చుకున్న వంకర అక్షరాలు.

ప్రసూన.

అది చదివి జ్ఞానప్రసూనకు మళ్ళీ నవ్వు పొంగుకొచ్చింది. తల్లికి తగ్గ కొడుకు. "ఓరి నీ, నువ్వూ నాలాగే పొరబడ్డావుట్రా? బతికున్నదాని పేరు రాయకూడదటరా దీని మీద. పైగా సగం పేరే రాశావు."

ఎవరూ నవ్వలేదు. నవోమి లాంతరును ఇంకా గట్టిగా పట్టుకుంది. చక్రపాణి మొహంలో నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఏడాదిగా ఎత్తని ఫోన్లన్నీ ఒక్కసారి జ్ఞానప్రసూన చెవుల్లో మోగాయి. ఇక్కడికి లాంతరు పట్టుకుని ఊరికే ఎవరూ రారని అప్పుడు గుర్తొచ్చింది.

కౌశిక్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"పేరు నీదేనమ్మా," అన్నాడు. "రాసింది నీకు కాదు. మా పాపకి."